తొలిసారి ‘డ్రాగన్ క్వెస్ట్’: 64 కిలోబైట్ల విశేషాలు

ఆట మొదలయ్యేసరికి మనం రాజుగారి ఎదుట నిలబడి ఉంటాం. గదిలో మూడు పెట్టెలు. ఒకదాంట్లో 120 బంగారు నాణేలు, ఒకదాంట్లో కాగడా, ఇంకోదాంట్లో తాళంచెవి. బయటికి వెళ్లే తలుపుకి తాళం వేసి ఉంటుంది. పెట్టె తెరవడం, తలుపు తీయడం, మెట్లు దిగడం: ఈ మూడూ వస్తేనే ఎవరైనా ఆ గది దాటగలరు. రాజుగారి కొలువే మొదటి తరగతి గది అన్నమాట. 1986 మే 27న జపాన్‌లో, నింటెండో వారి ఫామికామ్ అనే వీడియోగేమ్ యంత్రం కోసం ఎనిక్స్ సంస్థ విడుదల చేసిన ‘డ్రాగన్ క్వెస్ట్’ ఇలా మొదలవుతుంది. 1989లో అమెరికాలో ఇదే ఆట ‘డ్రాగన్ వారియర్’ పేరుతో వచ్చింది.

ఒక పాత్రగా మారి, దాన్ని పెంచుకుంటూ ఆడే ఆటని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. అదేమిటో ఎరగని పిల్లల కోసం చేసిన ఆట ఇది. అందుకే ఈ తరహా ఆట ఎప్పుడూ ముట్టనివాళ్లు ‘ఎక్కడ మొదలుపెట్టాలి’ అని అడిగితే నేను దీని పేరే చెబుతాను. ఫైనల్ ఫాంటసీ, పోకెమాన్ ఇది వేసిన బాటలోనే నడిచాయి. ఆడబోయే ముందు తెలిస్తే ఆట రుచి పెరిగే విశేషాలు కొన్ని ఇక్కడ చెబుతున్నాను. ధరలు, పాయింట్ల లెక్కలు 1989 అమెరికా రూపంలోవి. తర్వాత వచ్చిన రూపాల్లో కొన్ని మారాయి. కథ చివరి మలుపు వచ్చేచోట ముందే హెచ్చరిస్తాను.

పత్రికా రచయిత చేసిన ఆట

దీని రూపకర్త యూజీ హోరీ ‘షోనెన్ జంప్’ అనే కామిక్స్ వారపత్రికకి రాసేవాడు. 1982లో ఎనిక్స్ ఒక ప్రోగ్రామింగ్ పోటీ పెట్టింది. హోరీ పంపిన టెన్నిస్ ఆటకి బహుమతి వచ్చింది. అదే పోటీలో ఇంకో విజేత కోయిచి నకమురా, అప్పటికింకా హైస్కూలు కుర్రాడు. ఇద్దరూ 1983లో అమెరికాలో జరిగిన యాపిల్ కంప్యూటర్ల ప్రదర్శనకి వెళ్లారు. అక్కడ ‘విజార్డ్రీ’ అనే ఆట చూశారు. ఇద్దరూ దాని మాయలో పడ్డారు. తర్వాత డ్రాగన్ క్వెస్ట్‌కి ఆలోచన హోరీది అయితే, ప్రోగ్రామింగ్ నకమురా స్థాపించిన చున్‌సాఫ్ట్ సంస్థది.

విజార్డ్రీ, అల్టిమా రెండూ 1981లో యాపిల్ 2 కంప్యూటర్ మీద పేరు తెచ్చుకున్నాయి. రెండింటికీ మూలం 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ప్రచురించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అది బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఆట. హోరీ అల్టిమా నుంచి పైనుంచి చూసే పటాన్ని, విజార్డ్రీ నుంచి శత్రువుతో ఎదురెదురుగా నిలబడే పోరుని తీసుకున్నాడు. రెంటినీ కలిపి, కీబోర్డు లేని యంత్రంలో, నాలుగు దిక్కుల మీట, రెండు ముఖ్యమైన బొత్తాలతో ఆడగలిగేలా చేశాడు. ఏ పని చేయాలన్నా తెర మీద చిన్న పట్టీలో మాట ఎంచుకుంటే చాలు. మాట్లాడు, వెతుకు, తలుపు, మెట్లు... ఈ పద్ధతికి జపాన్ పిల్లల్ని అలవాటు చేయడానికే ముందు తన డిటెక్టివ్ ఆట ‘పోర్టోపియా’ని 1985లో ఫామికామ్‌కి తెచ్చాడు. తన పాఠకుడు ఎక్కడ తడబడతాడో పత్రికల్లో రాసేవాడికి తెలుస్తుంది. ఆ ఎరుక ఈ ఆటంతటా కనిపిస్తుంది.

బొమ్మలు గీసింది అకిరా తోరియామా. అప్పటికి షోనెన్ జంప్‌లోనే ఆయన ‘డ్రాగన్ బాల్’ ధారావాహికగా వస్తోంది. పత్రిక సంపాదకుడు కజుహికో తోరిషిమా ద్వారా ఈ జోడీ కుదిరింది. డ్రాగన్ బాల్ జడ్ చూస్తూ పెరిగిన మన కుర్రాళ్లకి ఈ ఆటలోని కళ్లూ కనుబొమలూ ఎక్కడో చూసినట్టు అనిపిస్తే కారణం అదే. స్లైమ్ అనే మొదటి శత్రువుకి హోరీ గీసిచ్చిన నమూనా కారిపోయిన ముద్దలా ఉండేది. తోరియామా దాన్ని కొన తేలిన నీలి చుక్కగా మార్చి, నవ్వు మొహం పెట్టాడు. ఆ చుక్కే మొత్తం డ్రాగన్ క్వెస్ట్‌కి గుర్తు అయి కూర్చుంది. తోరియామా 2024 మార్చి 1న కన్నుమూశాడు.

అక్షరాలకి కూడా కరువే

మొదటి క్యాసెట్‌లో మొత్తం జాగా 64 కిలోబైట్లు. మన ఫోన్‌తో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ కాస్త చోటులోనే ఒక రాజ్యం, ఊళ్లు, గుహలు, దాదాపు 40 రకాల శత్రువులు, అందరి మాటలు, సంగీతం అన్నీ ఇరికించాలి.

ఎలా ఇరికించారో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. జపాన్ భాషకి హిరగానా, కటకానా అని రెండు అక్షరమాలలున్నాయి. ప్రతి అక్షరం బొమ్మగా నిల్వ చేయాలి కాబట్టి రెండు మాలలకీ చోటు చాలలేదు. హోరీ కటకానాలో 20 అక్షరాలు మాత్రమే ఉంచుకుని మిగతావి వదిలేశాడు. రాక్షసుల పేర్లు, మంత్రాల పేర్లు, ఊళ్ల పేర్లు అన్నీ ఆ 20తోనే కుదరాలి. కుదరని పేరు పెట్టడానికి లేదు. అంత ఇరుకులో పుట్టిన మంత్రాల పేర్లని జపాన్‌లో ఇప్పటికీ పెద్దవాళ్లు కూడా గుర్తుంచుకుంటారు.

శత్రువుల బొమ్మల్లోనూ ఇదే పొదుపు. నీలం స్లైమ్‌కి ఎర్ర రంగు వేస్తే కొత్త శత్రువు తయారు. మామూలు గబ్బిలం రంగు మార్చుకుని మంత్రాలు నేర్చిన గబ్బిలం అవుతుంది. ఒకసారికి ఒక్క శత్రువే ఎదురవుతాడు. మన వైపునా ఒక్కడే.

జపాన్ రూపంలో వీరుడు ఎటు నడిచినా మొహం మన వైపే పెట్టి ఉంటాడు. పక్కకి నడుస్తుంటే ఎండ్రకాయ నడకలా ఉంటుంది. వెనక్కీ పక్కలకీ తిరిగిన బొమ్మలు గీయడానికి జాగా లేకపోవడమే కారణం. దాంతో ఎవరితోనైనా మాట్లాడాలంటే ‘ఉత్తరమా, దక్షిణమా, తూర్పా, పడమరా’ అని దిక్కు కూడా ఎంచుకోవాల్సి వచ్చేది. అమెరికా రూపానికి వచ్చేసరికి బొమ్మలు నాలుగు వైపులా తిరగడం నేర్చాయి.

హైకూ కొలతలో సంకేతం

ఆ క్యాసెట్‌లో ఆటని దాచుకునే ఏర్పాటు లేదు. మరి మర్నాడు ఆపిన చోటు నుంచి ఎలా ఆడడం? రాజుగారి దగ్గరికి వెళ్తే ఆయన ఒక ‘పునరుజ్జీవన మంత్రం’ చెబుతాడు. 20 అక్షరాలు. అవి కాగితం మీద రాసుకుని, మర్నాడు యథాతథంగా ఎక్కించాలి. మన స్థాయి, బంగారం, సామాను అన్నీ ఆ అక్షరాల్లోనే గూఢంగా ఉంటాయి. ఒక్కటి తప్పు రాసుకున్నా ఆ రోజు కష్టమంతా గంగలో కలిసినట్టే. తెర మీద చుక్కల్లాంటి గుర్తులు సరిగా కనిపించక, ఒక అక్షరానికి ఇంకోటి రాసుకుని ఏడ్చిన పిల్లల తరం ఒకటి జపాన్‌లో ఉంది.

ఈ 20 అక్షరాలూ 5, 7, 5, 3 గా విడగొట్టి ఉంటాయి. మొదటి మూడు ముక్కలూ హైకూ అనే జపాన్ చిట్టి కవిత కొలతే. ఆ లయ జపాన్ పిల్లల చెవికి పుట్టుకతో అలవాటు. అర్థం లేని అక్షరాలే అయినా ఆ లయలో పడేసరికి చదవడానికి, రాసుకోవడానికి తేలికవుతుంది. నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇది. రెండో భాగానికి వచ్చేసరికి మంత్రం గరిష్ఠంగా 52 అక్షరాలకి పెరిగింది. పాపం, ఆ పిల్లలు! అమెరికా క్యాసెట్‌లో బ్యాటరీ పెట్టి, మూడు ఆటలు దాచుకునే వీలు కల్పించారు.

పేరులో ఏముంది అంటే...

చాలానే ఉంది. మొదట్లో వీరుడికి మనం పెట్టే పేరులోని మొదటి నాలుగు అక్షరాలని బట్టి అతని బలం, చురుకుదనం, అవి పెరిగే తీరు లెక్కగడతారు. ఇద్దరు స్నేహితులు వేర్వేరు పేర్లు పెట్టుకుని మొదలుపెడితే, ఒకేలా ఆడినా వాళ్ల వీరులు ఒకేలా ఎదగరు.

చేతిలో ఉన్న 120 నాణేల సంగతి చూడండి. కోట పక్కనే ఉన్న బ్రెకనరీ ఊళ్లో దుకాణం ఉంది. వెదురు కర్ర 10, దుడ్డుకర్ర 60, రాగి కత్తి 180. బట్టలు 20, తోలు కవచం 70, చిన్న డాలు 90. మందాకు 24, కాగడా 8. దుడ్డుకర్రా తోలు కవచమూ రెండూ తీసుకుందామంటే 130 అవుతుంది. సరిగ్గా పది తక్కువ! రాగి కత్తి ఊసే వద్దు. దుడ్డుకర్ర, బట్టలు, మందాకు, కాగడా తీసుకుంటే 112. లేదా వెదురు కర్రతో సరిపెట్టుకుని తోలు కవచం కొనొచ్చు. ఇంకా ఒక్క శత్రువుని కూడా చూడకముందే ‘కొట్టడం ముఖ్యమా, కాచుకోవడం ముఖ్యమా’ అన్న ప్రశ్న మన ముందు ఉంటుంది. పది నాణేల తేడాతో ఇంత ఆలోచింపజేసిన ఆటలు నేనెక్కువ చూడలేదు.

స్లైమ్‌ని కొడితే ఒక అనుభవ పాయింటు. రెండో స్థాయికి కావలసినవి 7. అంటే ఏడు స్లైములు. చివరిదైన 30వ స్థాయికి 65,535. ఆ అంకె యాదృచ్ఛికం కాదు. 16 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య అదే. దారిలో లోహపు స్లైమ్ ఒకటి తారసపడుతుంది. దానికి ఉండే ప్రాణం కొంచెమే, కానీ దెబ్బ తగలదు, తగిలేలోపు పారిపోతుంది. పట్టుకుంటే 115 పాయింట్లు. అది కనబడగానే గుండె వేగం పెరగని ఆటగాడు ఉండడు.

ఓడిపోతే ఏమవుతుంది? మళ్లీ రాజుగారి ఎదుట లేస్తాం. సంచిలో బంగారం సగం పోతుంది, అనుభవం మాత్రం పైసా తగ్గదు. విజార్డ్రీలో చచ్చిన వీరుడు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉండేది. హోరీ ఆ కాఠిన్యాన్ని తీసేశాడు. ఎంత తడబడినా మనం నిన్నటికంటే బలంగానే ఉంటాం. కొత్తవాళ్లకి ఇంతకంటే పెద్ద భరోసా ఏముంటుంది?

ఎదురుగానే ఉన్న శత్రువు కోట

కోట గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే నీళ్లకి అవతల, చివరికి మనం ఓడించాల్సిన డ్రాగన్‌లార్డ్ కోట కనిపిస్తుంది. ఆట మొదలైన నిమిషంలోనే మన గమ్యం తెర మీద ఉంటుంది. మధ్యలో ఉన్నది కాస్త నీరే. కానీ అది దాటడానికి అలెఫ్‌గార్డ్ దేశమంతా చుట్టి రావాలి. ఎటు వెళ్లమని ఎవరూ బాణం గుర్తు చూపించరు. ఊళ్లో ముసలమ్మనో, సిపాయినో, దుకాణదారునో పలకరిస్తే ఒక్కో ముక్క చెబుతారు. ఈ ముక్కలన్నీ అతికించుకోవడమే అసలు ఆట.

వంతెనల దగ్గర జాగ్రత్త. వంతెన దాటారంటే అవతలి శత్రువులు బలవంతులని అర్థం. ఎక్కడా బోర్డు ఉండదు. ఒకసారి దెబ్బ తిన్నాక వంతెన చూస్తే మనమే ఆగి, మందాకులు లెక్కపెట్టుకుంటాం.

ఇంకో చక్కటి ఏర్పాటు: డ్రాగన్ చెర నుంచి విడిపించాక రాకుమారి గ్వేలిన్ ఒక కానుక ఇస్తుంది. అది వాడినప్పుడల్లా మనం కోటకి ఉత్తర దక్షిణాల్లో ఎన్ని లీగులు (ఆటలో దూరం కొలత), తూర్పు పడమరల్లో ఎన్ని లీగులు దూరంలో ఉన్నామో చెబుతుంది. ఎక్కడో దూరాన, కాంట్లిన్ అనే ఊళ్లో ఒక ముసలాయన ఒక చోటికి లీగుల లెక్క చెబుతాడు. ఈ రెండూ కలుపుకుంటే పైకి ఏమీ కనబడని చోట అతి ముఖ్యమైన వస్తువు దొరుకుతుంది. ఎన్ని లీగులో ఇక్కడ రాయను. అది ఆ ముసలాయన నోటే వినాలి, కాగితం మీద గీసుకుని వెతుక్కోవాలి. మరి ఆ లెక్క ముందే తెలిసినవాళ్లు రాకుమారిని విడిపించకుండానే ఆట ముగించవచ్చు! ముగింపు కొంచెం మారుతుంది, అంతే. ఇంకా విచిత్రం, విడిపించిన రాకుమారిని కోటలో దింపకుండా, చేతుల్లో ఎత్తుకునే చివరి యుద్ధానికి వెళ్లినా ఆట ఒప్పుకుంటుంది.

మెట్లు దిగితే స్వరం దిగుతుంది

సంగీతం సమకూర్చిన కోయిచి సుగియామా అప్పటికే జపాన్‌లో పేరున్న సంగీత దర్శకుడు. కంప్యూటర్ ఆటలంటే పిచ్చి. ఎనిక్స్ వారి షోగి ఆట (అది జపాన్ చదరంగం) గురించి తన అభిప్రాయం రాసిన ఉత్తరం వాళ్ల చేతికి వెళ్లింది. పేరు చూసి వాళ్లు నమ్మలేకపోయారు. అలా ఆయన ఈ పనికి కుదిరాడు. ఆట విడుదలయ్యేనాటికి ఆయనకి 55 ఏళ్లు.

ఫామికామ్‌లో ఒకేసారి పలికే స్వరాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంత కొంచెంలో ఆయన చేసిన ఒక పని తప్పకుండా చెవిపెట్టి వినండి. గుహలోకి దిగినప్పుడు ఒక బాణీ మొదలవుతుంది. కింది అంతస్తుకి దిగితే అదే బాణీ స్థాయి తగ్గి, నెమ్మదిస్తుంది. ఇంకో అంతస్తు దిగితే ఇంకా మంద్రంగా, ఇంకా నెమ్మదిగా. కొత్త పాటకి చోటు లేదు కాబట్టి ఉన్న పాటనే లోతుకి దించాడు. కాగడా వెలుగులో చుట్టూ కొన్ని గళ్లే కనబడుతుంటే ఆ స్వరం వింటూ నడవడం నిజంగా భయమే.

1987లోనే ఈ సంగీతంతో వాద్యబృందం టోక్యోలో కచేరీ చేసింది. 2021 జులై 23న టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో దేశాల కవాతు మొదలైంది ఈ ఆట తొలి బాణీతోనే. మన బృందం జెండా పట్టుకుని నడిచిన ఆ కవాతు చూసిన తెలుగువాళ్లంతా, తెలియకుండానే డ్రాగన్ క్వెస్ట్ విన్నట్టు. రెండు నెలల తర్వాత, సెప్టెంబరు 30న, 90 ఏళ్ల వయసులో సుగియామా మరణించాడు.

సగం రాజ్యం ఇస్తాను

ముగింపు ముందే తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు ఈ భాగం వదిలేసి కిందకి వెళ్లండి.

చివర్లో డ్రాగన్‌లార్డ్ పోరుకి దిగకముందు ఒక బేరం పెడతాడు. నాతో చేతులు కలుపు, ప్రపంచంలో సగం నీది. ‘సరే’, ‘కాదు’ రెండూ తెర మీద ఉంటాయి. అంతకుముందు రాకుమారి ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అని అడిగినప్పుడు కాదంటే, సరే అనేదాకా అదే ప్రశ్న తిరిగి తిరిగి వేస్తుంది. అక్కడ ఎంపిక పేరుకే. అందుకే ఇక్కడా అంతే అనుకుంటాం. కాదు. ‘సరే’ అన్నారా, ఆట అక్కడితో ముగిసిపోతుంది. అన్ని గంటలు మోసుకొచ్చిన వీరుడు ఒక్క మాటతో పోతాడు.

ముప్ఫై ఏళ్ల తర్వాత, 2016లో, ‘డ్రాగన్ క్వెస్ట్ బిల్డర్స్’ అనే ఆట వచ్చింది. ఆ వీరుడు ‘సరే’ అనేసి ఉంటే అలెఫ్‌గార్డ్ ఏమై ఉండేది? కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

బడి ఎగ్గొట్టిన రోజు

మూడో భాగం 1988 ఫిబ్రవరి 10న, బుధవారం విడుదలైంది. దుకాణాల ముందు బారులు తీరిన వాళ్లలో బడి మానేసిన పిల్లలు వందల్లో ఉన్నారు. పోలీసులు వాళ్లని పట్టుకుని మందలించి పంపారు. దీన్నుంచి ‘డ్రాగన్ క్వెస్ట్‌ని సెలవు రోజుల్లోనే అమ్మాలని జపాన్‌లో చట్టం చేశారు’ అనే మాట ప్రపంచమంతా పాకింది. అలాంటి చట్టమేదీ లేదు. నాలుగో భాగం 1990లో ఆదివారం వచ్చింది, 1992లో ఐదోదీ ఆదివారమే. చట్టం అడగకపోయినా పిల్లల బడి గుర్తుపెట్టుకుని రోజు ఎంచుకోవడం మెచ్చుకోవాల్సిన సంగతి.

ఈ ఆటకి దక్కిన ఆదరణ దుకాణాల ముందు బారులతో ఆగలేదు. హోరీ సొంతూరు అవాజి దీవిలోని సుమోతో. అక్కడ ఈ ఆటకి స్మారక చిహ్నం కట్టారు. కత్తీ డాలూ, పక్కనే స్లైమ్.

  

మన సంగతి

1990లలో మన ఊళ్లలో టీవీకి తగిలించి ఆడిన ‘క్యాసెట్ వీడియోగేములు’ చాలావరకు ఫామికామ్‌కి నకళ్లే. అంటే డ్రాగన్ క్వెస్ట్ పుట్టిన యంత్రం తరహాదే మన ముందు గదుల్లోనూ ఉండేది. కానీ మనకి అందిన క్యాసెట్లలో మారియో, కాంట్రా లాంటి ఉరుకులు పరుగుల ఆటలే ఎక్కువ. మాటలు చదువుతూ, రోజుల తరబడి ఆడే ఆటల రుచి ఆ తరానికి పెద్దగా తగల్లేదు. అప్పట్లో కాంట్రా ఆడి, ఇప్పుడు నలభైల్లో ఉన్నవాళ్లకి నా సిఫారసు ఇదే.

ఇప్పుడు ఆడడం కష్టమేం కాదు. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ ఇంగ్లిషులో దొరుకుతుంది. మొదటి, రెండో భాగాలు కలిపి కొత్త బొమ్మలతో చేసిన రూపం 2025 అక్టోబరు 30న వచ్చింది. కొత్తవాళ్లు ముందు ఫోన్ రూపంతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. చిన్నది, సూటిది, పాత ఎముకలు అందులో ఇంకా కనిపిస్తాయి.

ఒక్కటే కోరిక. గైడ్లు, వీడియోలు చూడకండి. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఊళ్లో ప్రతి మనిషినీ పలకరించి, చెప్పింది రాసుకోండి. దారి తెలియకపోతే వెనక్కి వచ్చి మళ్లీ అడగండి. ఇంట్లో పిల్లలుంటే పటం గీసే పని వాళ్లకి అప్పగించండి, వాళ్లు వదిలిపెట్టరు.